కొంచిం లెయ్ బావా

తిప్పేస్వామి కూర్చున్న మనిషిని కూర్చోనివ్వడు. ఈ ఒక్క గుణం తప్పిస్తే ఆయనలో వంక పెట్టడానికేమీ లేదు. తాగడు, పేకాడడు, పక్క పొలం గట్టు తనవైపు జరుపుకోడు. కానీ నలుగురు మనుషులు ఒకచోట స్థిమితంగా కూర్చుని కంటబడితే మాత్రం ఆయనకు ఎక్కడో దురద పుడుతుంది. వచ్చి నిలబడతాడు. మెడ ఒక పక్కకు వాల్చి, సంతలో గొర్రెలను చూసినట్టు అందర్నీ ఒకసారి కలయజూస్తాడు. ఎవరో ఒకరి భుజం మీద చెయ్యి వేస్తాడు.

"అన్నా, కొంచిం లెయ్."

"ఏంటికప్పా?"

"ఆడ చీమలుండాయి. ఈ పక్కకు రా."

చీమలు ఉండవు. చీమలు కాకపోతే ఎండ పడుతుందంటాడు, గాలి తగలదంటాడు, పైన బల్లి ఉందంటాడు. ఒకసారి చినుకు పడక చేలన్నీ బీడు పెట్టిన ఏడాది, "ఈడ మిద్దె కారతాది, లెయ్" అని నరేంద్రను లేపాడు. నరేంద్ర ఆకాశం వంక చూసి, "కారితే నా నెత్తి మీదే కారనీలే మామా, ఊరికైనా మంచి జరుగుతాది" అన్నాడు. అని, లేచి అవతలకు పోయి కూర్చున్నాడు. తిప్పేస్వామి మాటకు లేవని మనిషి లేడు. లేవకపోతే పక్కనే నిలబడి, లేచేదాకా చీమల గురించే మాట్లాడతాడు. దానికంటే లేవడమే సుఖం.

ఈ బాధ ఊరందరికీ ఉన్నా ఎక్కువ పడినవాడు రామాంజులు. తిప్పేస్వామి ఆయన భార్య ఆంజినమ్మకు స్వయానా అన్న. ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. రామాంజులు సామాన్యుడు కాడు. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివి, ఇరవయ్యో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పినవాడు. ఊళ్లోకి బస్సు తెప్పించినవాడు. బడికి ప్రహరీ కట్టించినవాడు. నీళ్లు పడవని అందరూ అన్న నేలలో అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచి, ఇదిగో ఇక్కడ అని బోరు వేయించినవాడు. ఆ బోరు తర్వాత ఎండిపోయింది, అది వేరే సంగతి. అట్లాంటి మనిషి జెండా పండగనాడు, జిల్లా నుంచి వచ్చిన అధికారి పక్కన కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉంటే, వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది.

"బావా, కొంచిం లెయ్."

"ఈడ కూడా చీమలేనా?"

"కుర్చీ కాలు ఊగతాంది. పడితే నడుము పోతాది."

ఆ ఊగే కుర్చీలో తిప్పేస్వామి అంగన్‌వాడీ ఆయమ్మను కూర్చోబెట్టాడు. ఆమె నడుము పోయినా పర్వాలేదన్నమాట. రామాంజులు ఆ పండగ మిఠాయి ముట్టలేదు.

కూతురు సుజాత పెళ్లిచూపులనాడు ఇంకా ఘోరం జరిగింది. ఆడపిల్ల తండ్రి అన్నాక నడిమధ్య కూర్చోవాలి కదా. ఎండ అన్నాడు, గాలి అన్నాడు, బల్లి అన్నాడు. జరిపి జరిపి చివరికి రామాంజులు వాకిలి అవతల బర్రెకు ఎదురుగా తేలాడు. లోపల సుజాత పెళ్లికొడుకును ఏదో అడిగింది. అందరూ గొల్లుమని నవ్వారు. సంబంధం కుదిరింది. అల్లుడు కదిరిలో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకుని బిడ్డను బాగా చూసుకుంటున్నాడు. కానీ ఆ రోజు తన కూతురు ఏమడిగిందో రామాంజులుకు ఇప్పటికీ తెలియదు.

"ఏమడిగె బావా ఆ పొద్దు?"

"నాకేం తెలుసు. నేను చీమలు చూస్తాంటి."

రామాంజులు దీనికి ఒక కారణం కనిపెట్టాడు. తిప్పేస్వామి చిన్ననాటి నుంచీ గొర్రెలు కాసినవాడు. మంద ఒకచోట నిలబడితే మళ్లించడం అలవాటు. ఇప్పుడు గొర్రెలు కొడుకు చేతికిచ్చి, తాను మనుషుల మీద పడ్డాడు. ఈ మాట ఎవరితో చెప్పినా అవునన్నారు.

ఇక మిషను సంగతి. అనంతపురంలో ఒక సంస్థవాళ్లు ఊళ్లో ఆడవాళ్ల కోసమని కొర్రలు ఆడించే మిషను ఇచ్చారు. శెనక్కాయ ఒక్కటే నమ్ముకుని ఆకాశానికి మొగం వాచే కంటే కొర్రలు, సామలు కూడా వేసుకోండి, పొట్టు తీసే కష్టం మిషనుకు వదిలేయండి అన్నారు. పెట్టడానికి చోటెక్కడ అంటే, తన వాకిట్లో ఎద్దుల కొట్టం ఖాళీ చేసి ఇచ్చినవాడు రామాంజులు. బాడుగ అడగలేదు. కమిటీ పెద్దగా ఉండమంటే ఉన్నాడు. మిషనుకు ఎదురుగా వేపచెట్టు కింద నులకమంచం వేసుకుని, పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా దాన్ని కనిపెట్టుకుని కూర్చున్నాడు. కొర్రల మూట దించిన ప్రతి మనిషికీ ఆ మిషను ఊరికి ఎట్లా వచ్చిందో మొదటి నుంచీ చెప్పాడు. ఎందుకో మరి, రానురాను మూటలు తగ్గాయి. మిషను మీద కోళ్లు ఎక్కి పడుకుంటున్నాయి.

పథకం ఎట్లా నడుస్తోందో చూసి రమ్మని సంస్థవాళ్లు పద్మప్రియ అనే అమ్మాయిని పంపారు. ఆ అమ్మాయి గార్లదిన్నెలో ఎక్కిన ఆటోలోనే, ఒళ్లో మూట పెట్టుకుని కృపాకుమారి కూర్చుని ఉంది. కృపాకుమారిది ఈ ఊరే. కూలికి పోతుంది, కౌలుకు తీసుకున్న చెలకలో కొర్ర వేస్తుంది. మూటలో ఉన్నది అప్పుడే గార్లదిన్నెలో ఆడించిన కొర్ర బియ్యం.

"మీ ఊళ్లోనే మిషను ఉంది కదా అక్కా?"

"ఉండాది మేడం."

"పనిచెయ్యదా?"

"బాగా చేస్తాది."

"మరి ఇంతదూరం?"

కృపాకుమారి ఆటో బయటకు చూసి, "గాలికి బాగుంటాదని" అంది. పద్మప్రియ ఇంకేమీ అడగలేదు. ఆగాల్సినచోట ఆగడం తెలిసిన పిల్ల. రామాంజులుకు ఈ సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.

మొదటి మాటామంతీ రామాంజులు వాకిట్లోనే జరిగింది. మంచం మీద ఆయన, ఎదురుగా కుర్చీలో పద్మప్రియ, చెట్టు కిందా అరుగు మీదా ఓబుళేసు, నరేంద్ర లాంటి మగవాళ్లు, దూరంగా గోడవార ఆడవాళ్లు.

"ఈరోజు నేనేమీ అడగడానికి రాలేదు పెద్దాయనా" అంది పద్మప్రియ. "ఏమేం అడగాలో మీ అందరితో మాట్లాడి తేల్చుకుందామని వచ్చాను. ఈ మిషను గురించి మీరేం తెలుసుకోవాలనుకుంటున్నారో అదే అడుగుదాం."

రామాంజులుకు ఈ పద్ధతి నచ్చింది. "రాసుకోమ్మా. మొదటి ప్రశ్న, మిషను కోసరం అనంతపురం తిరిగిందెవురు? రెండోది, చోటిచ్చిందెవురు? మూడోది, ఎండనకా వాననకా కాపలా ఉండేదెవురు?"

"మూడింటికీ జవాబు ఒకటేనా?"

"నాలుగో దానికి కూడా అదేనమ్మా. ప్రశ్న ఇంకా ఆలోచన చేయలేదు."

పద్మప్రియ నవ్వి ఆడవాళ్ల వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"బాగుండాది" అంది ఒకామె. "బాగుండాది" అంది పక్కామె. ఆ మాట గోడవార చివరిదాకా పోయి, మళ్లీ వెనక్కొచ్చింది.

అప్పుడే రామాంజులు తమ్ముడి కోడలు నల్లమ్మ టీ గ్లాసులు తెచ్చింది. పద్మప్రియకు చేతికిచ్చింది. రామాంజులు గ్లాసును అరుగు మీద పెట్టి, గోడవైపు తిరిగి, "గోడా, టీ చల్లారతాంది" అని చెప్పి వెళ్లిపోయింది. రామాంజులు గ్లాసు తీసుకున్నాడు.

"అదేమిటి?" అంది పద్మప్రియ.

"మా ఇంట్లో కోడండ్లు మామ ఎదురుగా నోరెత్తరమ్మా. చెప్పాల్సింది గోడకు చెప్తారు. మేము యింటాము. మాకేమన్నా చెప్పాలంటే మేమూ గోడకే చెప్తాము. అంత మర్యాద" అన్నాడు రామాంజులు, ఆ మర్యాద కూడా తానే తెప్పించినట్టు.

పద్మప్రియ గ్లాసు కింద పెట్టి, దాపరికం లేకుండా ఉన్నమాట చెప్పింది. మిషను ఆడుతున్నట్టు లేదు. ఆడకపోతే సంస్థవాళ్లు దాన్ని వేరే ఊరికి తీసుకుపోతారు. ఎందుకు ఆడడం లేదో తెలిస్తే సరిచేసుకోవచ్చు. తెలియకపోతే తన చేతిలో ఏమీ ఉండదు.

మిషను పోతే చెప్పుకోవడానికి రామాంజులుకు మిగిలేవి ఎండిపోయిన బోరూ, సున్నం రాలిన ప్రహరీ. గోడవార ఆడవాళ్లు కూడా ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు కనబడింది రోకలి. కొర్రలు దంచీ దంచీ భుజాలు పడిపోయిన రోజులు వాళ్లు మర్చిపోలేదు. అయినా నోళ్లు తెరుచుకోలేదు.

ఆ సమయంలో తిప్పేస్వామి వచ్చాడు. మెడ వాల్చాడు. ఓబుళేసును లేపి చెట్టు వెనక్కు పంపాడు. నరేంద్రను లేపి అరుగు దింపాడు. గోడవారనున్న కృపాకుమారిని తెచ్చి పద్మప్రియ కుర్చీ పక్కన కూర్చోబెట్టాడు. కృపాకుమారి గొంతు సవరించుకుంది. రామాంజులు అటు చూశాడు. కృపాకుమారి ఆ గొంతుతో ఊరికే దగ్గింది.

"బావా, కొంచిం లెయ్."

"ఇది నా మంచం బావా. నా వాకిలి, నా చెట్టు. నేను లెయ్యను."

"చీమ..."

"కుట్టనీ."

ఆ రోజు రామాంజులు నిజంగానే లేవలేదు. ఆడవాళ్లూ మాట్లాడలేదు. పోతూ పోతూ పద్మప్రియ తిప్పేస్వామి దగ్గర ఆగడం రామాంజులు మంచం మీదనుంచే చూశాడు.

"వచ్చే ఆదివారం, కృపాకుమారివాళ్ల చర్చి అయినాక మళ్లీ కూర్చుందాం. చీమలు లేని చోటు మీరే చూడండి" అంది.

తిప్పేస్వామి ఆ అమ్మాయిని మెడ వాల్చి చూశాడు. అరవై ఏళ్లు దాటిన జీవితంలో తనను అట్లా అడిగిన మొదటి మనిషి. "బడిలో లేవమ్మా చీమలు" అన్నాడు.

ఆదివారం బడిగదిలో చాపలు పరిచారు. తిప్పేస్వామికి ఆ రోజు పండగే. మగవాళ్లను ఒక్కొక్కరినే లేపుకుంటూ పోయాడు. ఒకరికి ఎండ, ఒకరికి బల్లి, ఒకరికి బెంచీ మేకు. చూస్తుండగానే గదిలో మగపురుగు లేదు, రామాంజులు తప్ప. ఆయన పంతులుగారి కుర్చీలో ఉన్నాడు.

"బావా..."

"మిషను పొయ్యేకాలమొచ్చింది, నీకు ఇంకా చీమలేనా?"

"చీమలు కాదు బావా. కమిటీ పెద్దవు నీవు. లోపల అందరితో కలిసి కూర్చుంటే నీ విలువేముండాది? బయట కానుగ చెట్టు కింద బండ ఉండాది. కిటికీ పక్కనే. ఆడ నీవొక్కడివే కూర్చోవచ్చు."

రామాంజులుకు ఇందులో కొంత న్యాయం కనిపించింది. లేచాడు. బయట బండ మీద గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. వింత ఏమిటంటే, తిప్పేస్వామి కూడా వచ్చి పక్కనే కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం ఊళ్లో ఎవరూ పెద్దగా చూసింది లేదు.

లోపల చాపల చప్పుడు. ఆడవాళ్లంతా కిటికీ గోడవైపు తిరిగి కూర్చుంటున్నట్టున్నారు.

"గోడకు అవతల ఎవురన్నా ఉండారా?" అంది నల్లమ్మ గొంతు, మామూలు కంటే గట్టిగా.

"ఎవురూ లేరమ్మా" అన్నాడు తిప్పేస్వామి. "నేనూ మా బావా."

"సరే అయితే. గోడా, నీకొక మాట చెప్తా యిను. మా మామ దేవునట్లాంటోడు. కాదనను. కానీ దేవుడు గుళ్లో ఉంటాడు గానీ, మిషను కాడ మంచమేసుకొని కూర్చోడు."

లోపల ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్న చప్పుడు. రామాంజులు లేవబోయాడు. భుజం మీద చెయ్యి పడింది.

"లెయ్యొద్దు బావా. కూర్చో."

రామాంజులు తన చెవులను తానే నమ్మలేదు. తిప్పేస్వామి నోటినుంచి ఆ మాట ఆయన పుట్టి బుద్ధెరిగాక విన్నది లేదు.

"చీమలుండాయి బావా" అన్నాడు రామాంజులు.

"లేవు. చూసినా."

లోపల కృపాకుమారి అందుకుంది. "నాకు గోడతో మాట్లాడే అలవాటు లేదు గానీ, అందరూ మాట్లాడతాండారని నేనూ చెప్తా. కొర్ర పొట్టు ఎగిరితే కండ్లలో, ముక్కులో, నెత్తిలో అంతా దుమ్మే. నెత్తికి గుడ్డ కట్టుకోవల్ల, చీర ఎగ్గట్టుకోవల్ల. పెద్దాయన ఎదురుగా అట్ల ఎట్ల నిలబడేది? చీర దించుకొని నిలబడితే బెల్టుకు చిక్కుతాది. నల్లమ్మ కొంగు ఒకసారి చిక్కె. గుడ్డ చినిగింది కాబట్టి సరిపోయె, లేకుంటే మనిషి పోయేది. ఆ పొద్దు నుంచి మేము గార్లదిన్నెకు పోతాండాము."

రామాంజులు కదల్లేదు. నల్లమ్మ కొంగు చిక్కిన రోజు ఆయన మంచం మీదే ఉన్నాడు. ఎవరో కెవ్వుమన్నారు, ఏమైంది అని అడిగాడు, ఏం లేదు మామా అని గోడ చెప్పింది. ఆయన మళ్లీ తన కథ మొదలుపెట్టాడు.

"ఇంకొకటి" అంది మరో గొంతు. "మిషను ఎట్లొచ్చిందో నాకు అప్పజెప్పను వస్తాది."

"నాకూ వస్తాది." "మా చిన్నబిడ్డకు కూడా వస్తాది."

లోపల ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో ఎత్తుకున్నారు. "ఆ పొద్దు నేను తెల్లచొక్కా ఏసుకొని, తొలి బస్సుకే అనంతపురం పోతి. ఆఫీసు వాకిట్లో నన్ను చూస్తానే..."

"తెల్లచొక్కా కాదు, గళ్లచొక్కా" అన్నాడు రామాంజులు, ఆపుకోలేక.

లోపల పాఠం అక్కడే తెగింది. పద్మప్రియ కలం కింద పెట్టడం కూడా వినిపించింది. తిప్పేస్వామి బావ మొగంలోకి చూడకుండా కానుగ ఆకులకేసి చూశాడు.

రామాంజులు వెనక్కు తిరిగి, సున్నం రాలిన ఆ గోడకు ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"గోడా, నేను రామాంజులు. నిన్ను కట్టిన ఏడాది నేను ఈ బళ్లోనే ఉంటి. ఇరవై ఎక్కం నీకు తెలుసు. ఊరికి బస్సు తెప్పిచ్చినా. నీ చుట్టూ ప్రహరీ కట్టిచ్చినా. బోరు సంగతి వద్దులే. ఇన్ని చేసినోనికి ఒక మంచం జరపడం కష్టమా? రేపు పొద్దుటికి ఆడ మంచం ఉండదు. మిషను చుట్టూ తడిక కట్టిస్తా. ఆడోళ్లు యెట్లన్నా ఎగ్గట్టుకోనీ, చూసేవాడు ఉండడు. బెల్టుకు మూత కూడా ఏపిస్తా. మా నల్లమ్మకు చెప్పు, దెబ్బ తగిల్నా ఏం లేదు మామా అని చెప్పొద్దని. నీకు చెప్పాలని చెప్పు. నీవు నాకు చెప్పాలని చెప్పు."

లోపలనుంచి నల్లమ్మ, గొంతు తగ్గించి, "గోడా, సరేనంట అని చెప్పు" అంది.

"పెద్దాయనా, ఇది రాసుకోనా?" అని పద్మప్రియ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"రాసుకోమ్మా. నాలుగో ప్రశ్న ఇప్పుడు దొరికింది. మంచం తీపిచ్చిందెవురు?"

ఈసారి లోపల కొంగులు నోట్లో కుక్కుకోలేదు. నవ్వు ప్రహరీ దాటి వినిపించింది.

ఇంటికి పోయే దావలో రామాంజులు తిప్పేస్వామి పక్కన నడిచాడు. ఆయన తలలో ఏవేవో కుర్చీలు కదులుతున్నాయి. ఆయమ్మ అధికారి పక్కన కూర్చున్న ఆ జెండా పండగ తర్వాతి నెలలో అంగన్‌వాడీకి కొత్త రేకులొచ్చాయి. నీళ్ల తగాదాతో మాటలు మానేసిన అన్నదమ్ములను ఒక పెళ్లి భోజనాలలో తిప్పేస్వామి లేపీ లేపీ, ఉప్పు ఒకడి చేతికి, మజ్జిగ ఒకడి చేతికి అందేట్టు కూర్చోబెట్టాడు. అందించుకోకుండా వాళ్ల భోజనం ముగిసే దారి లేదు. ఇక సుజాత. నడిమధ్య తండ్రి కూర్చుని ఉంటే ఆ పిల్ల నోరు తెరిచి ఉండేదా?

"బావా" అన్నాడు రామాంజులు. "నీవు ఇన్నేండ్లు..."

"జాగ్రత్త, చీమల పుట్ట" అన్నాడు తిప్పేస్వామి.

కింద చూస్తే ఈసారి నిజంగానే పుట్ట ఉంది. రామాంజులు దాన్ని తొక్కి, ఇంటిదాకా కాలు గోక్కుంటూ నడిచాడు.

అన్నమాట ప్రకారం తడిక వచ్చింది, బెల్టుకు మూత వచ్చింది. మూటలూ వచ్చాయి. కోళ్లు వేరేచోటు చూసుకున్నాయి. మిషను ఊళ్లోనే ఉంది. పద్మప్రియ తర్వాత రెండు మూడుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా చాపలు పరిచే ముందు తిప్పేస్వామి కోసం కబురు పెట్టింది. రామాంజులు మంచం ఇంటి వెనక పెరట్లోకి పోయింది. మిషను ఎట్లా వచ్చిందో, మంచం ఎట్లా పోయిందో రెండు కథలూ ఆయన అక్కడినుంచే చెబుతున్నాడు, వినడానికి ఎవరుంటే వాళ్లకు.

ఒక సాయంత్రం తిప్పేస్వామి పెరటి దడి దగ్గర నిలబడి మెడ వాల్చాడు.

"బావా, కొంచిం లెయ్."

రామాంజులు ఎందుకు అని అడగలేదు. వెంటనే లేచాడు. లేచి, ఇప్పుడు మాట్లాడాల్సిన మనిషి ఎవరా అని నాలుగుపక్కలా చూశాడు. పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని ఆంజినమ్మ నిలబడి ఉంది. రామాంజులు పెద్దమనిషి తరహాగా గోడవైపు తిరిగి, చెవి ఒగ్గాడు.

"గోడ ఏంటికి, నేను మొగం మీదే చెప్తా" అంది ఆంజినమ్మ. "పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా గళ్లచొక్కా కథ యిని యిని నా కూరలన్నీ మాడిపోతాండాయి. ఈ మంచం తీసుకపోయి యాడన్నా ఏసుకో."

తిప్పేస్వామి అప్పటికే మంచం ఒక కొస పట్టుకున్నాడు. రామాంజులు రెండో కొస పట్టుకున్నాడు.

"యాడికి బావా?" అన్నాడు.

"పట్టు చెప్తా" అన్నాడు తిప్పేస్వామి. "చీమలు లేనిచోటికి."